ఏటవాలు పైపులో ఇసుక పూడికను నివారించిన తీరు

ఇసుక కలిసిన నీటిని ఎత్తుకు పంపే మా పైపులో, సమతలంగా ఉన్న భాగమంతా సాఫీగా పారుతున్నా, సుమారు 30 డిగ్రీల వాలుతో పైకి ఎక్కే భాగం మాత్రం తరచుగా పూడుకుపోయేది. పంపు ఆపిన తరువాత కింది వంపు దగ్గర పైపును తట్టి చూస్తే ఖంగుమనడానికి బదులు మొద్దు శబ్దం వినిపించేది. వాలులోని ఇసుక జారివచ్చి అక్కడే కూరుకుపోతున్నదని దానితో స్పష్టమైంది.

రేణువులు అడుగున నిలిచిపోకుండా ఉండాలంటే ప్రవాహానికి ఒక కనీస వేగం కావాలి. పైకి ఎక్కే పైపులో గురుత్వాకర్షణ రేణువులను వెనక్కి కూడా లాగుతుంది కనుక ఆ వేగం సమతల పైపులో కంటే ఎక్కువై, దాదాపు 30 డిగ్రీల వద్ద గరిష్ఠానికి చేరుతుంది. సమతల పైపు లెక్కనే వాలుకూ వర్తింపజేయడం సరికాదని నా అభిప్రాయం.

అందుచేత వాలు భాగానికి తక్కువ వ్యాసం గల పైపు అమర్చాను. అంతే నీరు సన్నని దారిలో పోవడంతో వేగం పెరగడమే కాక, వ్యాసం తగ్గినందువల్ల కావలసిన కనీస వేగం కూడా కొంత తగ్గింది. ఘర్షణ, అరుగుదల పెరుగుతాయి. ఆ అదనపు భారాన్ని పంపు మోయగలదని ముందే లెక్కకట్టాను. కింది వంపు వద్ద ఖాళీ చేసే వాల్వు పెట్టి, ఆపేముందు పైచివర తేటనీరు వచ్చేదాకా వట్టి నీటితో కడగడం నియమంగా చేశాం. ఇప్పుడు పంపును తిరిగి నడిపినప్పుడు పీడనం మామూలు స్థాయిలోనే ఉంటోంది.