సున్నా వేగం దగ్గర తడబడే రియాక్షన్ వీల్: నా అనుభవం

దారానికి వేలాడదీసిన క్యూబ్‌శాట్ (చిన్న పెట్టెలాంటి ఉపగ్రహం) నమూనా, లోపలి రియాక్షన్ వీల్ (మోటారుతో తిరిగే చక్రం; దాని వేగం మారితే పెట్టె ఎదురు దిశలో తిరుగుతుంది) సాయంతో చెప్పిన కోణానికి తిరుగుతుంది గానీ, అక్కడ నిలవక రెండు మూడు డిగ్రీల మేర ఊగుతూనే ఉంటుందని చాలామంది అడుగుతున్నారు. నాకూ అదే ఎదురైంది. పీఐడీ (కోణంలోని తేడాను బట్టి మోటారును నడిపే నియంత్రణ పద్ధతి) విలువలు మార్చడం, గైరో (తిరిగే వేగాన్ని కొలిచే సెన్సారు) ఫిల్టరు సవరించడం, దారం మార్చడం ఏవీ పనిచేయలేదు.

కోణంతో పాటు చక్రం వేగాన్ని కూడా ఒకే గ్రాఫులో గీసినప్పుడు దారి దొరికింది. చక్రం దిశ మార్చుకుంటూ సున్నాను దాటే ప్రతిసారీ బేరింగు రాపిడి వల్ల క్షణం పాటు పట్టేసి, ఆపై ఒక్కసారిగా విడివడుతోంది. ఆ కుదుపే పెట్టెను నెడుతోంది. అందుకని ముందు పెట్టెను చేత్తో కదలకుండా పట్టుకుని, చక్రాన్ని 1,500 ఆర్‌పీఎంకు (నిమిషానికి 1,500 చుట్లకు) చేర్చి, వేగం స్థిరపడ్డాక పీఐడీలోని ఇంటిగ్రల్‌ను (అప్పటిదాకా పోగైన తేడాల మొత్తాన్ని) సున్నా చేసి, కంట్రోలరు ఇచ్చే సవరణ ఆ వేగానికే కలిసేలా మార్చి, అప్పుడు మెల్లగా వదిలాను. వదిలాక వేగం పెంచితే మాత్రం పెట్టె ఎదురు దిశలో గిర్రున తిరుగుతుంది. ఇలా ముందే వేగం అందుకుని వదిలాక ఊగడం దాదాపుగా ఆగిపోయింది.

ఇది ఒకే అక్షం మీద, బల్ల దగ్గర తేలిన సంగతి. కక్ష్యలో సూర్యకాంతి ఒత్తిడి వంటివి చక్రం వేగాన్ని మెల్లగా మార్చేస్తాయి కాబట్టి, మాగ్నెటోర్కర్ తీగచుట్టలతో (కరెంటు పంపితే భూమి అయస్కాంత క్షేత్రం ఆధారంగా ఉపగ్రహాన్ని తిప్పేవి) చక్రంలో అలా పోగైన వేగాన్ని దించుకోవలసి వస్తుంది. నాలుగు చక్రాలుంటే, పెట్టెను కదిలించకుండానే వాటి వేగాలను సున్నాకు దూరంగా జరపవచ్చు. 1,500 అన్నది నా చట్రానికి సరిపోయిన అంకె; మీది ఏ వేగం దగ్గర కంపిస్తుందో చూసుకుని మార్చుకోండి.