ఐసీయూలో ఏఆర్ కళ్లద్దాలు మొరాయిస్తే

పల్స్, బీపీ, శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) అంకెల్ని ఈ ఏఆర్ (ఆగ్మెంటెడ్ రియాలిటీ, అంటే ఎదుట కనిపించేదాని మీదే సమాచారం చూపించే) కళ్లద్దాలు నర్సు కళ్లముందే తేలేలా చూపిస్తాయి. ఒక రోగికి సక్షన్ (గొంతులోని కఫం గొట్టంతో లాగేయడం) చేస్తూనే పక్క బెడ్ సంగతి కనిపెట్టవచ్చు. కాకినాడ, అమలాపురం, భీమవరం వైపు వీటిని తెప్పించుకోవాలనుకునే ఆసుపత్రులు ఈ తంటాలు ముందే తెలుసుకోవడం మంచిది.

సమస్య: ఒకరి బదులు ఇంకొకరి అంకెలు వస్తున్నాయి.
అన్నిట్లో ప్రమాదమైనది ఇదే. బెడ్‌కి అంటించిన స్టిక్కర్‌ని స్కాన్ చేసి నడిచే ఏర్పాటులో అద్దం గుర్తుపట్టేది బెడ్‌ని, మనిషిని కాదు. సీటీ స్కాన్‌కి వెళ్లొచ్చిన రోగిని వేరే బెడ్ మీద పడుకోబెడితే స్టిక్కర్‌కి ఏం తెలుస్తుంది? పైగా అన్నవరం దేవుడి చలవ, ఇక్కడ ఒకే వార్డులో ఇద్దరు సత్యనారాయణలు ఉండటం వింతేమీ కాదు.
పరిష్కారం: రోగి కదిలిన ప్రతిసారీ పాత లింకు తీసేసి, చేతి బ్యాండ్ మీద పేరు, ఆసుపత్రి నంబరు రెండూ సరిచూసి మళ్లీ కలపాలి. పేరు ఒక్కటే చూపించే సాఫ్ట్‌వేర్‌ని నేనైతే ఒప్పుకోను.

సమస్య: అంకె కదలడం లేదు.
కరెంటు పోయినా మానిటర్ లోపలి బ్యాటరీతో నడుస్తుంది. వైఫై రౌటర్ ఆగిపోతుంది. జనరేటర్ అందుకున్నాక కూడా అది లేచి కుదురుకోవడానికి కొంతసేపు పడుతుంది. ఈలోగా అద్దంలో శాచురేషన్ పాత 97 అలాగే నిలిచిపోతే, రోగి పడిపోతున్నా బాగున్నాడనే అనుకుంటాం. తుఫాను రోజుల్లో ఇది తరచూ ఎదురుకావచ్చు.
పరిష్కారం: రౌటర్‌ని, సర్వర్‌ని యూపీఎస్ మీద పెట్టించండి. డేటా ఆగిన వెంటనే అంకె చెరిగిపోయి గీతలు రావాలి. కొనేముందు రౌటర్ ప్లగ్ పీకించి, కంపెనీవాళ్ల ఎదుటే చూడండి. మందు డోసు మార్చాలంటే మాత్రం బెడ్ పక్క మానిటరే ప్రమాణం.

సమస్య: శాచురేషన్ ఉన్నట్టుండి తగ్గింది.
ముందు రోగిని చూడండి, తర్వాత మానిటర్‌ని. అక్కడా అదే అంకె ఉండి, రోగి మామూలుగానే ఉంటే ప్రోబ్‌ని (వేలికి పెట్టే క్లిప్పుని) అనుమానించాలి. చల్లబడ్డ వేళ్లు, నెయిల్ పాలిష్, ఆషాఢంలో నల్లగా పండిన గోరింటాకు కూడా లెక్క తప్పించవచ్చు. వేలు మార్చండి, లేదా చెవి తమ్మెకు పెట్టే ప్రోబ్ వాడండి. అనుమానం తీరకపోతే డాక్టరుకు చెప్పి ఏబీజీ (ధమని రక్తంలో ఆక్సిజన్ లాంటి వాయువుల పరీక్ష) పంపించండి.

సమస్య: అంకెల పలక జారిపోతోంది, లేదా వెలిసినట్టుంది.
రాత్రి లైట్లు బాగా తగ్గిస్తే అద్దాల కెమెరాలకు గది ఆనవాలు దొరకదు. ఒక చిన్న లైటు ఉంచి, కెమెరాల మీద వేలిముద్రలు తుడవండి. కిటికీ ఎండలో వెలిసిపోతే కర్టెన్ వేస్తే చాలు.

సమస్య: మసక పడుతోంది.
ఏసీ గదిలోంచి ఉక్క వరండాలోకి వస్తే అద్దం మీద ఆవిరి పడుతుంది. బయటికి వచ్చేటప్పుడు తీసేయండి. లోపల కూడా పడుతుంటే మాస్క్ పైఅంచు ముక్కుకు బిగుతుగా నొక్కండి.

సమస్య: తలనొప్పి, మెడ లాగుడు.
మైక్రోసాఫ్ట్ వాళ్ల ఏఆర్ కళ్లద్దాలు హోలోలెన్స్ 2 బరువే 566 గ్రాములు. షిఫ్ట్ అంతా పెట్టుకునే వస్తువు కాదది. అద్దాలు చేతులు మారినప్పుడల్లా కంటి కొలత మళ్లీ సరిచేయాలి. రాత్రి డ్యూటీ సిస్టర్ కొలతతో పగటి సిస్టర్ చూస్తే కళ్లు లాగుతాయి.