ఎండకు సీలెంట్ ఆరదు: కారు ముందద్దాల పనివాళ్ళకు వేసవి జాగ్రత్తలు

బోల్తా పడ్డ కారు ఒకచోట, దాని ముందద్దం పది గజాల అవతల. పగిలినా ముక్కలు రాలకుండా ఊడివచ్చిన అద్దం. ఇలాంటి ఫొటోలు ఈ మధ్య గ్లాస్ పనివాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్నాయి. చూసినవాళ్ళు వేగం గురించి, డ్రైవర్ గురించి మాట్లాడుకుంటున్నారు. మనం చూడాల్సింది ఫ్రేమ్ అంచును. ఫ్రేమ్ మీదా సీలెంట్ (అద్దాన్ని ఫ్రేమ్‌కు అతికించే పేస్టు) ఉంది, అద్దం అంచునా సీలెంట్ ఉంది, మధ్యలో బంకలా సాగి తెగింది అంటే అది అంటుకోక ఊడింది కాదు. గట్టిపడకముందే బండిని రోడ్డెక్కించారు.

నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు సొంతంగా ఈ పని చేసుకునేవాళ్ళకు మార్చి నుంచి జూన్ దాకా గిరాకీ ఎక్కువ. 65వ నంబర్ హైవే మీద చౌటుప్పల్ నుంచి కోదాడ దాకా, 44 మీద షాద్‌నగర్ నుంచి అలంపూర్ చౌరస్తా దాకా కంకర టిప్పర్లు, యాసంగి వడ్ల లారీలు, పెళ్ళిళ్ళకు తిరిగే కార్లు అన్నీ ఒకేసారి రోడ్డు మీదుంటాయి. రాయి ఎగిరి అద్దం మీద చుక్క పడుతుంది, ఎండలో నిలిపిన బండిలో ఏసీ పెట్టగానే ఆ చుక్క గీతై పాకుతుంది. పని దొరకదన్న భయం ఈ నాలుగు నెలలు అక్కర్లేదు. పని మీద పని పడి తొందరపడతారన్నదే మా భయం. గ్లౌజులు వేసుకోండి, కళ్ళద్దాలు పెట్టుకోండి లాంటివి అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోవడం లేదు.

ఆ ఒక్క తప్పు

"ఎండలు దంచుతున్నై కదా, గంటలో ఆరిపోతది." ఈ ఒక్క మాట నమ్మి షాపులు మూసుకున్నవాళ్ళున్నారు.

పెయింట్ ఎండకు ఆరుతుంది. పేస్టింగ్ అద్దానికి వాడే పాలీయురథేన్ సీలెంట్, అంటే మనం పీయూ అనేది, ఎండకు ఆరదు. గాలిలోని తేమను పీల్చుకుని, బయటినుంచి లోపలికి గట్టిపడుతుంది. 23 డిగ్రీల వేడి, 50 శాతం తేమ ఉన్నచోట మామూలు రకాలు రోజుకు 3 నుంచి 4 మిల్లీమీటర్ల లోతు గట్టిపడతాయి. కంపెనీలు కాగితం మీద ఇచ్చే లెక్కలు చాలావరకు ఆ వాతావరణానివే. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో మిట్టమధ్యాహ్నం వేడి 42, 43 డిగ్రీలు, గాలిలో తేమ 20, 30 శాతానికి పడిపోతుంది. వేడికి పైపొర తొందరగా కడుతుంది. తేమ చాలక లోపల మెత్తగానే ఉండిపోతుంది. వేలితో తాకి చూసి అయిపోయిందనుకుంటారు. పాల మీద మీగడ కట్టినంత మాత్రాన అడుగున పాలు తోడుకున్నట్టు కాదు.

ముందద్దం గాలి ఆపడానికి మాత్రమే కాదు. పక్క సీటు ఎయిర్‌బ్యాగ్ పైకి విచ్చుకుని, అద్దానికి తగిలి, దాని ఆనిక మీదే మనిషి వైపు తిరుగుతుంది. అద్దం ఆగకపోతే బ్యాగ్ బయటికి పోతుంది, కూర్చున్నవాళ్ళకు అడ్డేమీ ఉండదు. బండి బోల్తా కొట్టినప్పుడు పైకప్పు అణగకుండా పట్టే వాటిలో ఈ అద్దం కూడా ఒకటి. మెత్తటి సీలెంట్ మీద నిలిచిన అద్దం ఈ రెండు పనుల్లో ఏదీ చెయ్యదు.

అందుకని టైమ్ ఇలా లెక్క కట్టండి. మీరు వాడే సీలెంట్ టెక్నికల్ షీట్ తీసి, "ఎంతసేపటికి బండి నడపవచ్చు" అన్న పట్టిక చూడండి. ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండికీ లేని బండికీ వేరువేరుగా ఇచ్చి ఉంటే ఎయిర్‌బ్యాగ్ వరుసే చూడాలి. వేడితో పాటు తేమ గడి కూడా చూడాలి, అక్కడే చాలామంది ఆగిపోతారు. షాపు గోడకు తేమ కొలిచే చిన్న మీటర్ ఒకటి తగిలించండి. ఆనాటి తేమ పట్టికలో ఉన్నదానికంటే తక్కువైతే ఆ గంటల లెక్క మీకు పనికిరాదు. అలాంటి రోజు మధ్యాహ్నం అద్దం ఎక్కించకండి. పాతది పొద్దుగూకే ముందు తీసి, ఫ్రేమ్ తయారుచేసుకుని, చల్లబడ్డాక కొత్తది పెట్టండి. తెల్లవారుజామున గాలిలో తేమ పెరుగుతుంది, సీలెంట్‌కు కావలసింది అదే. బండి మర్నాడు పొద్దున ఇవ్వండి. గాలి తేమతో పనిలేని రెండు భాగాలు కలిపే రకాలూ ఉన్నాయి, ధర ఎక్కువ. అర్జెంటు పనులు నెలకు నాలుగైదు వస్తుంటే అవి కొనిపెట్టుకోవడం నష్టం కాదు.

గిరాకీ అడుగుతాడు: "అన్నా, జర తొందరగ కావాలె, కర్నూల్ పోయేదుంది." బస్టాండ్ దాకా మీ బండి మీద దింపిరండి, కారు తాళం మాత్రం ఇవ్వకండి.

ఇంకో సంగతి. ఆ తొందరగా కట్టే పైపొర అద్దం పెట్టకముందే కడితే ఇంకా ప్రమాదం. గన్‌తో ఫ్రేమ్ చుట్టూ సీలెంట్ తీగ వేశాక అద్దం ఎత్తడానికి ఆలస్యమైతే, పొర కట్టిన సీలెంట్ అద్దానికి తడిగా అంటదు, ఊరికే ఒత్తుకుని ఉంటుంది. 23 డిగ్రీల దగ్గర పదిహేను నిమిషాలు ఆగేది ఈ ఎండకు అంతసేపు ఆగదు. సక్షన్ కప్పులు బిగించి, రెండో మనిషి అద్దం పట్టుకుని సిద్ధంగా ఉన్నాకే తీగ మొదలుపెట్టండి. మధ్యలో ఫోన్ ఎత్తకండి.

ఫ్రేమ్, ప్రైమర్

ఎండలో నిలబడ్డ బండి ఫ్రేమ్ చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. అలాంటి రేకు మీద ప్రైమర్ (సీలెంట్ బాగా పట్టేందుకు ముందు రాసేది) రాస్తే అది పాకి పట్టకముందే ఎగిరిపోతుంది. ముందు నీడకు తెచ్చి, అరచెయ్యి హాయిగా ఆనేదాకా ఆగండి. పాత సీలెంట్‌ను పూర్తిగా గీకెయ్యకండి. 1 నుంచి 2 మిల్లీమీటర్ల పలుచటి పొర ఫ్రేమ్ మీద వదిలితే కొత్తది దానికే బాగా పడుతుంది. ఇనుము బయటపడ్డ ప్రతి గీతకూ ప్రైమర్ తగలాలి, లేకుంటే రెండు వానాకాలాలకు తుప్పు లోపలినుంచి లేచి సీలెంట్‌ను రేకునుంచి విడదీస్తుంది. నల్ల ప్రైమర్ సీసాను లోపలి గోలీలు గలగలలాడేదాకా, ఆ తర్వాత మరో నిమిషం ఊపండి. మూత తీసిన ప్రైమర్ కూడా తేమకు పాడయ్యేదే. చిక్కబడితే పారెయ్యాలి, థిన్నర్ కలిపి వాడకూడదు. తీగ త్రికోణంగా, సుమారు 8 మిల్లీమీటర్ల వెడల్పు, 12 మిల్లీమీటర్ల ఎత్తు రావాలి. నాజిల్‌ను ఆ ఆకారానికి కోసుకోండి. గుండ్రంగా కోసిన నాజిల్‌తో వేస్తే అద్దం నొక్కినప్పుడు మధ్యలో గాలి మిగులుతుంది, నీళ్ళు కారేది అక్కడే.

రేకుల షెడ్డులో సీలెంట్ ట్యూబులు పెట్టుకునేవాళ్ళు ఇప్పుడే చోటు మార్చండి. సాధారణంగా 25 డిగ్రీల లోపు ఉంచమంటారు. మే నెల రేకుల కింద అవి ట్యూబులోనే బిగుస్తాయి.

చుక్కలు, పగుళ్ళు

ముందుచూపుతో చెప్పాలంటే సొంతంగా పనిచేసేవాళ్ళకు రాబోయే రోజుల్లో నిలకడగా డబ్బిచ్చేది అద్దం మార్పిడి కాదు, చుక్క రిపేరు. మార్పిడి పని ఇన్సూరెన్స్ క్యాష్‌లెస్ ఉన్నచోటికి పోతోంది. చుక్క రిపేరులో గిరాకీకే లాభం. ముందద్దానికి క్లెయిమ్ పెడితే కొత్త ఏడాది నో క్లెయిమ్ బోనస్ పోతుంది, దాన్ని కాపాడే యాడ్-ఆన్ ఉంటే తప్ప. ఆ బోనస్ అంటే క్లెయిమ్ లేని ఏళ్ళకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, 20 శాతంతో మొదలై 50 దాకా పెరిగేది. సొంత డ్యామేజీ ప్రీమియం (మన బండికి తగిలే దెబ్బల కోసం కట్టేది) 8,000 రూపాయలు ఉండి, 50 శాతం బోనస్ ఉన్నవాళ్ళకు ఒక్క క్లెయిమ్‌తో 4,000 పోతుంది. పైగా క్లెయిమ్‌లో బండివాడే పెట్టుకోవాల్సిన తప్పనిసరి కోత 1,500 సీసీ దాకా కార్లకు 1,000 రూపాయలు, ఆపైన 2,000. ఈ లెక్క గిరాకీ ముందు కాగితం మీద వేసి చూపించండి, బేరం తగ్గుతుంది.

కానీ ఎండాకాలం చుక్క రిపేరుకూ ఎండే శత్రువు. చుక్కలో నింపే రెసిన్ అల్ట్రావయొలెట్ వెలుగుకు గట్టిపడేది, ఎండలో ఆ వెలుగు నిండుగా ఉంటుంది. బయట పనిచేస్తే పగులు కాళ్ళ (చుక్క చుట్టూ చీలిన సన్నగీతల) చివరలకు రెసిన్ చేరకముందే బిగుస్తుంది. ఇక కాలుతున్న అద్దం మీద ఇంజెక్టర్ ఒత్తిడి పెడితే చుక్క మీ కళ్ళముందే గీతై పాకుతుంది. అద్దం చేతికి కాలనంతగా చల్లబడేదాకా నీడలో, తలుపులు తెరిచి ఆపండి. నీళ్ళు చల్లకండి, తడిబట్ట వెయ్యకండి, ఏసీ పెట్టకండి. చుక్కలోకి నీరు పోతే రెసిన్ పట్టదు, చల్లదనం ఒక్కసారి తగిలితే అద్దం చీలుతుంది.

గాలి లాగడం, రెసిన్ ఒత్తడం మార్చి మార్చి చెయ్యండి, నల్లగా కనిపించే కాళ్ళన్నీ మాయమయ్యేదాకా. పైన గుంటను పూడ్చే చిక్కటి పిట్ రెసిన్, దాని మీద ప్లాస్టిక్ రేకు, ఆ తర్వాతే అల్ట్రావయొలెట్ దీపం. గట్టిపడ్డాక బ్లేడు నిలువుగా పట్టి గీకండి, వాలుగా పడితే రెసిన్ పెళ్ళగా లేచిపోతుంది. మచ్చ పూర్తిగా పోదు. ఆ మాట పని మొదలుపెట్టకముందే చెప్పాలి, తర్వాత చెబితే సాకులా ఉంటుంది.

పది రూపాయల బిళ్ళ కింద దాగని చుక్క ఒప్పుకోకండి. స్టీరింగ్ ఎదురుగా డ్రైవర్ చూపు పడేచోట ఇంకా చిన్నదైతేనే. అంచుకు రెండంగుళాల లోపు పగులు ఒప్పుకోకండి. లోపలి గాజుకూ దెబ్బ తగిలి ఉంటే, మధ్యలోని ప్లాస్టిక్ పొర చిరిగి ఉంటే అది రిపేరు కాదు, మార్పిడే.

వదులుకోవాల్సిన పనులు, మిగతావి

అద్దం వెనక, మిర్రర్ దగ్గర కెమెరా ఉన్న బండ్లు పెరుగుతున్నాయి. ఎక్స్‌యూవీ700, ఆస్టర్, కొత్త సెల్టోస్, క్రెటా, హారియర్ పై రకాల్లో అవి ఉన్నాయి. అద్దం మారిస్తే కెమెరాను మళ్ళీ సరిచూపుకు తేవాలి, దాన్నే కాలిబ్రేషన్ అంటారు. ఒక్క డిగ్రీ తేడా వచ్చినా యాభై మీటర్ల అవతల దాదాపు ఒక మీటర్ పక్కకు చూస్తుంది, తానే బ్రేకు వేసే బండి తప్పుచోట వేస్తుంది, లేదా వెయ్యదు. కాలిబ్రేషన్ పరికరం మీ దగ్గర లేకపోతే, దగ్గరున్న వాళ్ళతో మాట కుదుర్చుకున్నాకే ఆ బండి తీసుకోండి. "డ్యాష్‌బోర్డులో హెచ్చరిక లైట్ వెలగలేదు కదా, సరిపోయినట్టే" అనకండి. ఈ కార్ల పని ఏటేటా పెరిగేదే. కాలిబ్రేషన్ ఏర్పాటు లేనివాళ్ళ చేతిలోంచి జారిపోయేదీ ఇదే.

సిలికాన్ వాడకండి. నీళ్ళు ఆపుతుంది, అద్దాన్ని ఆపదు. ఒకసారి సిలికాన్ తగిలిన ఫ్రేమ్‌కు తర్వాత పీయూ కూడా పట్టదు.

ల్యామినేటెడ్ (రెండు గాజుల మధ్య ప్లాస్టిక్ పొర ఉన్నది) కాని అద్దం ముందు బిగించకండి, లారీ అయినా సరే.

అద్దం మూలన ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 2553 లేకుంటే వెనక్కి పంపండి.

ముందద్దానికి 70 శాతం వెలుగు దాటాలి. టింట్ ఫిల్మ్ అడిగినా వెయ్యకండి, 2012లోనే సుప్రీంకోర్టు ఆపింది.

హైవే పక్కన పని వద్దు. ఏ పెట్రోల్ బంకు నీడకో, ధాబా రేకుల కిందికో బండి తెప్పించుకోండి.

గాలిదుమారం లేస్తే ప్రైమర్ మూత పెట్టెయ్యండి. దుమ్ము పడ్డ ప్రైమర్ మళ్ళీ తుడిచి, మళ్ళీ రాయాలి.

ప్రైమర్ రాసినచోట చెయ్యి పెట్టకండి. చెమట చాలు చెడగొట్టడానికి.

అద్దం పెట్టాక ఒక కిటికీ అంగుళం దించి ఉంచండి. అన్నీ మూసి తలుపు గట్టిగా వేస్తే లోపలి గాలి తడి సీలెంట్‌ను బయటికి తోస్తుంది.

అద్దాన్ని పట్టి ఉంచే టేపులు ఒక రోజు తియ్యవద్దని గిరాకీకి చెప్పండి. ప్రెషర్ వాటర్ వాష్ రెండు రోజులు వద్దని చెప్పండి.

తుప్పు పట్టిన ఫ్రేమ్ మీద అలాగే బిగించమంటే బండి తిప్పి పంపండి.

తారీఖు దాటిన ట్యూబు పారెయ్యండి. సగం ధరకు వస్తున్నదని కొనకండి.

ప్రతి పనికీ ట్యూబు, ప్రైమర్ బ్యాచ్ నంబర్లు, ఆ పూట వేడి, తేమ రాసిపెట్టండి. వినియోగదారుడు జిల్లా కమిషన్‌కు పోతే, 2019 చట్టం కింద 50 లక్షల దాకా కేసు అక్కడే నడుస్తుంది. నోటిమాట అక్కడ నిలవదు.

అద్దం పెట్టిన టైమ్, బండి నడపవచ్చన్న టైమ్, రెండూ బిల్లు మీద రాసి గిరాకీతో సంతకం చేయించుకోండి. ఆ రెండో టైమ్ కంటే ఒక్క నిమిషం ముందు కూడా తాళం ఇవ్వకండి. ఎండ ఎంత ఉన్నా సరే.