కాగితం వంతెన: అయిదు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు ఇంజినీరింగ్ ఆట

చిన్నపిల్లలకు ఇంజినీరింగ్ నేర్పడానికి ఖరీదైన కిట్లు అక్కర్లేదు. తెల్లకాగితాలు, పుస్తకాలు, గుప్పెడు చిల్లర చాలు. కష్టమైనదల్లా పెద్దవాళ్లు చెయ్యి పెట్టకుండా ఉండటమే. వంతెన కూలాలి, ఎక్కడ వంగి కూలిందో పిల్లలు తమ కళ్లతో చూడాలి. పాఠమంతా అక్కడే ఉంది.

సిద్ధం చేసుకోవాల్సినవి: పది ఏ4 కాగితాలు, ఒకే ఎత్తున్న రెండు పుస్తకాల దొంతరలు, స్కేలు, పెన్సిలు, జిగురు, ఒక కాగితం కప్పు, యాభై దాకా రూపాయి నాణేలు. నాణేలన్నీ ఒకే రకానివి కావాలి. కొత్తవీ పాతవీ కలిపితే బరువుల్లో తేడా వచ్చి లెక్క చెడుతుంది. ఇంట్లో మూడేళ్లలోపు పిల్లలుంటే నాణేలు వాళ్లకు అందకుండా చూడండి, నోట్లో పెట్టుకుంటారు.

దొంతరల మధ్య 20 సెంటీమీటర్ల ఖాళీ వదలండి. ఏ4 కాగితం పొడవు 29.7 సెంటీమీటర్లు కాబట్టి రెండు వైపులా దాదాపు 5 సెంటీమీటర్ల చొప్పున ఆనుతుంది. వంతెనకు ఒక్క కాగితమే వాడాలి, దాన్ని పుస్తకాలకు అంటించకూడదు.

మొదట కాగితాన్ని ఉన్నదున్నట్టు పరచి కప్పు పెట్టమనండి. వెంటనే కుంగి జారిపోతుంది. అప్పుడు "ఇదే కాగితం గట్టిపడాలంటే ఏం చేద్దాం?" అని అడిగి ఊరుకోండి. జవాబు మీరు చెప్పొద్దు. పిల్లలు మడతపెట్టడం మొదలుపెడతారు.

సాధారణంగా రెండు రకాలు వస్తాయి. పొడవాటి అంచులు రెండూ 2 సెంటీమీటర్ల మేర పైకి మడిస్తే కాలువలా తయారవుతుంది. చీర కుచ్చిళ్లలా ఒకటిన్నర సెంటీమీటర్ల మడతలు వరసగా పెడితే ఇంకా ఎక్కువ మోస్తుంది. మడత పదునుగా రాకపోతే రెండూ పనిచేయవు. అయిదేళ్ల పిల్లల వేళ్లకు ఇది కష్టం కాబట్టి, మీరు స్కేలుతో గీతలు గీసివ్వండి. మడిచి గోటితో గట్టిగా రుద్దే పని వాళ్లకే వదలండి.

చాలామంది పిల్లలు కుచ్చిళ్లను అడ్డంగా పెడతారు. అప్పుడు మడతలు ఖాళీ మీదుగా ఒక దొంతర నుంచి రెండో దొంతరకు సాగవు, వంతెన హార్మోనియం తిత్తిలా సాగి పడిపోతుంది. ఆపకండి, పడనివ్వండి. ఇంకో కాగితం తీసి మడతల దిక్కు మార్చి చూడమనండి. ఈ ఒక్క మార్పే పెద్ద తేడా తెస్తుంది.

కారణం చూపించడానికి ప్లాస్టిక్ స్కేలు చాలు. పడుకోబెట్టి మధ్యలో నొక్కితే వంగుతుంది, అంచు మీద నిలబెట్టి నొక్కితే వంగదు. మడతలు కాగితాన్ని అలాగే నిలబెడతాయి. రేకుల ఇంటి పైకప్పుకూ అట్టపెట్టె లోపలి పొరకూ అలలలాంటి వంపులు ఉన్నది అందుకే. రెండూ తెచ్చి చూపించండి.

కప్పును సరిగ్గా మధ్యలో, 5 సెంటీమీటర్ల చదరపు అట్టముక్క మీద పెట్టండి. నాణెం వేశాక ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టి, అప్పుడే ఇంకోటి వేయాలి. పైనుంచి విసిరితే బరువుకు తోడు దెబ్బ కూడా తగులుతుంది, లెక్క తప్పుతుంది. ఒకసారి కూలిన కాగితాన్ని మళ్లీ వాడకూడదు, నలిగినచోట బలం పోయి ఉంటుంది. వాన ముసురు రోజుల్లో కాగితం చెమ్మ పీల్చి మెత్తబడుతుంది కాబట్టి నిన్నటి లెక్కను ఇవాళ్టితో పోల్చకండి.

కుచ్చిళ్ల వంతెన ఎక్కువగా విరగదు, పక్కలకు విప్పారి చదునై పడిపోతుంది. కూలేముందు పక్కనుంచి, కంటి ఎత్తులో చూడమంటే పిల్లలు దీన్ని పట్టేస్తారు. విరుగుడు తేలిక: కొత్త కాగితాన్ని అలాగే మడిచి, రెండు చివర్లలో కింది వైపు అడ్డంగా రెండు సెంటీమీటర్ల వెడల్పు కాగితం పట్టీ అంటించి, జిగురు పూర్తిగా ఆరనిచ్చి, మళ్లీ నాణేలు వేయాలి. ఒక్కసారికి ఒక్క మార్పే చేయనివ్వండి. రెండు కలిపి చేస్తే దేనివల్ల బలపడిందో తెలియదు. ప్రతి వంతెన బొమ్మ పక్కన నాణేల సంఖ్య వాళ్ల చేతే రాయించండి.

ఏడెనిమిదేళ్ల వాళ్లయితే మరో మెట్టు ఎక్కించండి. మందపాటి అట్టతో రంధ్రం నుంచి రంధ్రానికి 15 సెంటీమీటర్లు ఉండే పట్టీలు నాలుగు కత్తిరించి, మూలల్లో దారంతో కట్టి చతురస్రం చేయండి. మూలను నెడితే అది వాలిపోతుంది. మూల నుంచి మూలకు 21 సెంటీమీటర్ల పట్టీ ఒకటి కట్టగానే కదలడం ఆగుతుంది, ఎందుకంటే ఇప్పుడు రెండు త్రిభుజాలు ఏర్పడ్డాయి. రాజమండ్రిలో 1900లో రైళ్లకు తెరిచిన హేవ్‌లాక్ వంతెన ఫొటో పక్కన పెట్టి, ఉక్కు కమ్మీల్లో త్రిభుజాలు ఎన్ని కనిపిస్తాయో లెక్కపెట్టమనండి.