డేటాబేస్ ప్రాజెక్టులకు యూనిట్ టెస్టులు: విద్యార్థులకు నేర్పే క్రమం

గ్రంథాలయ నిర్వహణ ప్రాజెక్టు చేస్తున్న బీటెక్ విద్యార్థిని ‘ఇది సరిగ్గా పనిచేస్తోందని నీకెలా తెలుసు?’ అని అడిగితే, ఫారం నింపి, బటన్ నొక్కి, పీహెచ్‌పీమైఅడ్మిన్‌లో (డేటాబేస్‌ను బ్రౌజర్‌లో చూపే సాధనం) టేబుల్ తెరిచి కొత్త వరుస చూపిస్తాడు. ఆ పద్ధతిని తప్పుపట్టనక్కర్లేదు. కాకపోతే కోడ్ మార్చిన ప్రతిసారీ అదంతా మళ్లీ చేయాలి, అంత ఓపిక ఎవరికీ ఉండదు. అతను కంటితో చూసినదాన్నే కోడ్‌గా రాసిపెట్టుకోవడం యూనిట్ టెస్ట్ అని చెబితే విషయం వెంటనే బోధపడుతుంది.

మొదటి తరగతిలో డేటాబేస్ జోలికి పోవద్దు. విద్యార్థులు సాధారణంగా గడువు తేదీని తెచ్చే క్వెరీని, జరిమానా లెక్కను, అప్‌డేట్‌ను ఒకే ఫంక్షన్‌లో కలిపి రాస్తారు. అందులోంచి లెక్కను మాత్రం విడదీసి, గడువు తేదీ, పుస్తకం తిరిగి ఇచ్చిన తేదీ తీసుకుని జరిమానాను తిరిగిచ్చే చిన్న ఫంక్షన్ రాయించండి. రోజుకు 1 రూపాయి చొప్పున అయితే గడువునాడు ఇస్తే 0, మర్నాడు ఇస్తే 1 రావాలి. అయిదు రోజులు ముందే ఇచ్చిన సందర్భాన్ని కూడా తప్పక పరీక్షించమనండి. తేదీలను ఊరికే తీసివేసిన కోడ్, గ్రంథాలయమే విద్యార్థికి అయిదు రూపాయలు బాకీ ఉన్నట్టు తేలుస్తుంది. ఈ ఫంక్షన్ లోపల ఈరోజు తేదీని అడగనివ్వకూడదు, ఎందుకంటే అలా రాస్తే ఇవాళ నెగ్గిన టెస్ట్ రేపు ఓడిపోతుంది.

రెండో తరగతికి పైథాన్‌తోపాటే వచ్చే యూనిట్‌టెస్ట్ (టెస్టులు నడిపేది), ఎస్‌క్యూలైట్3 (ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌ను వాడుకోనిచ్చేది) మాడ్యూళ్లు చాలు. సెటప్‌లో, అంటే టెస్టుకు ముందు నడిచే ఫంక్షన్‌లో, మెమరీలోనే ఉండే డేటాబేస్‌కు కనెక్షన్ తెరిచి, టేబుళ్లు సృష్టించి, ఆ టెస్టులకు కావలసిన రెండు మూడు వరుసలే చేర్చాలి; టెస్టు తర్వాత నడిచే టియర్‌డౌన్‌లో కనెక్షన్ మూసేస్తే డేటాబేస్ కూడా పోతుంది. సెటప్ ప్రతి టెస్టుకు ముందూ నడుస్తుంది కాబట్టి ఒక టెస్టు మిగిల్చిన డేటా మరొకదాన్ని పాడుచేయదు. ఇక్కడ చాలామంది ‘టేబుల్ లేదు’ అన్న ఎర్రర్ దగ్గర ఆగిపోతారు. మెమరీ డేటాబేస్‌కు తెరిచిన ప్రతి కనెక్షనూ మామూలుగా ఒక వేరే ఖాళీ డేటాబేస్ అవుతుంది. పుస్తకం ఇచ్చే ఫంక్షన్ తన కనెక్షన్‌ను తానే తెరుచుకుంటే, సెటప్ చేసిన టేబుళ్లు దానికి కనిపించవు. కనెక్షన్‌ను బయటినుంచి ఆర్గ్యుమెంట్‌గా అందించడం ఎందుకో ఆ ఎర్రరే నేర్పుతుంది కనుక, ముందుగా హెచ్చరించకుండా వాళ్లనే ఆ చిక్కులో పడనివ్వడం మేలు.

ఇన్సర్ట్ జరిగిందా అని చూసే టెస్టుల కన్నా నియమాలను పరీక్షించేవి విలువైనవి. ఒకే ప్రతి ఉన్న పుస్తకాన్ని రెండో సభ్యుడు అడిగితే ఎక్సెప్షన్ రావాలి, ఇష్యూ టేబుల్‌లో వరుస ఒక్కటే ఉండాలి, రెండూ సరిచూడాలి. లేని సభ్యుని నంబరుతో పుస్తకం ఇచ్చే టెస్టు కూడా రాయించండి. ఎస్‌క్యూలైట్ సాధారణంగా ఫారిన్ కీలను (ఒక టేబుల్‌లోని విలువ మరో టేబుల్‌లో ఉండి తీరాలనే నియమాలను) పట్టించుకోదు, ప్రతి కనెక్షన్‌లోనూ ప్రాగ్మా అనే సెట్టింగు ఆదేశంతో వాటిని ఆన్ చేయాలి.

ఇలాంటి తేడాలు ఉన్నందువల్ల, ప్రాజెక్టు మైఎస్‌క్యూఎల్ మీద నడుస్తుంటే ముఖ్యమైన టెస్టులనైనా విడిగా పెట్టుకున్న ఒక మైఎస్‌క్యూఎల్ టెస్ట్ డేటాబేస్ మీద నడపాలి. ప్రతి టెస్టు చివర రోల్‌బ్యాక్ చేస్తే, అంటే చేసిన మార్పులను వెనక్కి తీసుకుంటే, శుభ్రంగా ఉంటుంది. అయితే ఫంక్షన్ తానే కమిట్ చేస్తే (మార్పులను ఖాయం చేసేస్తే) ఆ రోల్‌బ్యాక్ వృథా. డేటాబేస్‌ను తాకేదాన్ని యూనిట్ టెస్ట్ అనకూడదు, ఇంటిగ్రేషన్ టెస్ట్ (భాగాలు కలిసి పనిచేస్తున్నాయో చూసేది) అనాలి అనే వాదన ఉంది, అందులో న్యాయమూ ఉంది. కానీ తొలి వారంలోనే పేర్ల గురించి పట్టుబడితే అసలు పని వెనకబడుతుంది.

టెస్టుల సంఖ్యకు మార్కులు వేయవద్దు, వేస్తే ఏమీ పరీక్షించని టెస్టులు యాభై వస్తాయి. ఒక బృందం కోడ్‌లో మరో బృందం చేత ఒక తప్పు పెట్టించి, ఉదాహరణకు ‘కన్నా ఎక్కువ’ గుర్తును ‘ఎక్కువ లేదా సమానం’గా మార్పించి, ఆ టెస్టులు దాన్ని పట్టుకున్నాయో లేదో చూసి మార్కులు వేయండి.