మంచు కరిగేలోగా మీ సంప్ పంపు గొట్టం ఎటు పోతోందో చూసుకోండి

మిషిగన్, ఇల్లినాయ్, ఒహాయో, మిన్నెసోటా వంటి చలి రాష్ట్రాల్లో ఇల్లు కొనుక్కున్న తెలుగువారికి ఫిబ్రవరి చాలా ముఖ్యమైన నెల. ఇంకొన్ని వారాల్లో ముంగిట్లో పేరుకున్న మంచు కరుగుతుంది. అడుగున నేల ఇంకా గడ్డకట్టి ఉండటంతో ఆ నీరు తేలిగ్గా ఇంకదు. గోడల వెంట మెత్తటి మట్టిలోంచి పునాది దగ్గరకు చేరుతుంది. దాని మీద ఏప్రిల్ వానలు. పునాది చుట్టూ వేసిన చిల్లుల గొట్టాలు ఆ నీటినంతా బేస్‌మెంట్ మూలనున్న గుంటలోకి తెస్తాయి. మట్టం పెరగగానే నీటి మీద తేలే ఫ్లోటు లేచి సంప్ పంపు దానంతటదే తిరుగుతుంది. అంతవరకు అందరికీ తెలిసిందే. పంపు తోడిన నీరు ఎక్కడికి పోతోందో మాత్రం చాలా ఇళ్ళలో ఎవరూ చూసి ఉండరు. ఈ వారాంతంలో కిందికి దిగి అదొక్కటి చూడమని నా మనవి.

ఆ నీరు ఇంటి బయట గడ్డి మీదికో, వీధిలోని వాననీటి లైనులోకో పోవాలి. వంటగది, స్నానాల గది, మరుగుదొడ్డి నీళ్ళు వెళ్ళే మురుగు లైనులోకి పోకూడదు. షికాగో, డెట్రాయిట్ వంటి పాత నగరాల్లో రెండు రకాల నీళ్ళూ ఒకే గొట్టంలో పారే ప్రాంతాలు ఉన్నాయి కాని, మనవాళ్ళు ఎక్కువగా ఉండే శివారు ఊళ్ళలో చాలావరకు ఈ రెండు లైన్లూ వేర్వేరు. వాననీటి లైను వాగులోకో చెరువులోకో వెళుతుంది. మురుగు లైను శుద్ధి కేంద్రానికి వెళుతుంది. అది ఇళ్ళలో వాడిన నీటికి సరిపడా కొలతతో వేసినది, వాననీటిని మోయడానికి వేసినది కాదు.

ఎంత తేడా వస్తుందో లెక్క వేసి చూడండి. మామూలు గృహ పంపు నిమిషానికి 40 గ్యాలన్ల దాకా, అంటే దాదాపు 150 లీటర్లు తోడుతుంది. అమెరికాలో సగటు కుటుంబం ఇంట్లో రోజుకు వాడే నీరు 300 గ్యాలన్లకు పైనేనని పర్యావరణ పరిరక్షణ సంస్థ చెబుతుంది. అంటే మీ పంపు ఎనిమిది నిమిషాలు ఆగకుండా తిరిగితే, ఒక కుటుంబం రోజంతా వాడినన్ని నీళ్ళు లైనులోకి వెళ్ళినట్టే. ఎనిమిది అంగుళాల వీధి గొట్టం 200 ఇళ్ళ మురుగును మోయగలదనీ, అదే గొట్టంలోకి ఎనిమిది సంప్ పంపులు పూర్తి వేగంతో తోడితే నిండిపోతుందనీ ఇక్కడి పురపాలక సంస్థలు తరచు చెప్పే లెక్క. నిండిన గొట్టంలోని నీరు వీధిలో అన్నిటికంటే పల్లంలో ఉన్న బేస్‌మెంట్‌ను వెతుక్కుంటుంది. అక్కడి ఫ్లోర్ డ్రెయిన్‌లోంచి, అంటే నేలలో నీరు పోయే రంధ్రంలోంచి, పైకి ఎగదన్నేది వాననీరు కాదు, వీధిలోని అందరి మలమూత్రాలూ కలిసిన మురుగు. 2021 జూన్ చివరలో కుండపోత వానలకు డెట్రాయిట్, డియర్‌బోర్న్ ప్రాంతాల్లో వేలాది బేస్‌మెంట్లలో నీరు చేరింది. అక్కడ పాత ఉమ్మడి గొట్టాలు, పంపింగ్ కేంద్రాల్లో కరెంటు చిక్కులు వంటి ఇతర కారణాలూ ఉన్నాయి. కాని లైను మోయగల హద్దు దాటితే ఇళ్ళలో ఏమవుతుందో ఆ రాత్రి అందరూ చూశారు. మన ఇళ్ళలో బేస్‌మెంట్ అంటే బియ్యం బస్తాలు, పచ్చళ్ళ జాడీలు, పిల్లల ఆటగది, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల పడకగది. అక్కడికి మురుగు రావడం మాటలు కాదు.

గొట్టం వెంట వెళ్ళి చూడండి

పంపు నుంచి పైకి లేచే తెల్లటి ప్లాస్టిక్ గొట్టాన్ని పట్టుకుని దాని వెంటే వెళ్ళండి. అది గోడలోంచి బయటికి వెళితే సగం దిగులు తీరినట్టే. లాండ్రీ తొట్టిలోకో, ఫ్లోర్ డ్రెయిన్‌లోకో, ఇంటి లావుపాటి మురుగు గొట్టంలోకో దిగితే తప్పు. నేను ఎక్కువగా విన్నది లాండ్రీ తొట్టి సంగతే. బయట గొట్టం గడ్డకట్టిందని పాత యజమాని ఒక చలికాలంలో మెత్తటి గొట్టం తగిలించి తొట్టిలోకి వదిలి ఉంటారు, అది అలాగే ఉండిపోతుంది. మధ్యలో తిప్పుకునే వాల్వు పెట్టి, తనిఖీ వచ్చినప్పుడు బయటికి, మిగతా రోజుల్లో లోపలికి మళ్ళించే ఏర్పాటు కూడా కొన్ని ఇళ్ళలో ఉంటుంది. దాన్ని తీయించేయండి. గొట్టం ప్లాస్టర్ గోడ వెనక్కి వెళ్ళి కనబడకపోతే, గుంటలో రెండు బకెట్ల నీళ్ళు పోసి, ఒకరు బయట నిలబడి నీళ్ళు వస్తున్నాయో లేదో చూడాలి. బేస్‌మెంట్‌ను గదులుగా కట్టించుకోబోయేవారు గోడలు మూయకముందే ఈ పని చేయాలి.

ఇక్కడొక ముఖ్యమైన జాగ్రత్త. బేస్‌మెంట్‌లో స్నానాలగది ఉన్న ఇళ్ళలో రెండో గుంట ఒకటి ఉంటుంది. దాని మూత బోల్టులతో గట్టిగా బిగించి, పైకి రెండు గొట్టాలు కనబడతాయి. ఒకటి నీరు పోయేది, ఇంకొకటి గాలి గొట్టం. అది మురుగు ఎత్తిపోసే పంపు. అది మురుగు లైనులోకే పోవాలి, దాన్ని ఎట్టి పరిస్థితిలోనూ బయటికి మళ్ళించకండి, మూత తెరవకండి. ఏది ఏదో తేలకపోతే లైసెన్సు ఉన్న ప్లంబర్‌ను పిలవండి.

బ్యాక్‌వాటర్ వాల్వు ఉన్నవారు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. వీధి లైను నిండినప్పుడు ఆ వాల్వు మూసుకుని బయటి మురుగును ఆపుతుంది. మంచి సాధనమే. కాని అది మూసుకున్నంతసేపూ మీ ఇంటి నీరు కూడా బయటికి పోదు. ఆ సమయంలో మీ సంప్ పంపు ఇంట్లోని మురుగు గొట్టంలోకే తోడుతుంటే, ఆ నీళ్ళన్నీ మీ ఫ్లోర్ డ్రెయిన్‌లోంచే మీ కార్పెట్ మీదికి వస్తాయి. వాల్వు ఉంది కదా అని ధీమాగా పడుకున్నవారికి తెల్లవారేసరికి ఇదే ఎదురవుతుంది. అలాంటి వాన కురుస్తున్నంతసేపు వాషింగ్ మెషీను, డిష్‌వాషర్ వేయకండి, స్నానాలు వాయిదా వేసుకోండి.

బయటికి మళ్ళించేటప్పుడు

గొట్టం చివర పునాదికి కనీసం పది అడుగుల దూరంలో, ఇంటి నుంచి వాలు కిందికి ఉన్నచోట ఉండాలి. గోడ పక్కనే వదిలితే అవే నీళ్ళు మళ్ళీ గుంటలోకి వస్తాయి, పంపు వాటినే తిప్పి తిప్పి తోడుతుంది. పక్కింటివారి స్థలంలోకి వదలకూడదు. నడిచే దారి మీదికి అసలే వద్దు, చలిలో అది మంచుపలకై ఎవరో ఒకరు కాలుజారి పడతారు. కొన్ని వీధుల్లో ప్రతి ఇంటికీ వాననీటి లైనుకు కలిపే గొట్టం ముందే వేసి ఉంటుంది. ఊరి పబ్లిక్ వర్క్స్ శాఖకు ఫోను చేస్తే చెబుతారు, పర్మిట్ కావాలో లేదో కూడా అప్పుడే అడగండి. మట్టిలో గొట్టం పూడ్చాలంటే తవ్వేముందు 811కు ఫోను చేయాలి. గ్యాసు, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో వచ్చి ఉచితంగా గుర్తులు పెడతారు.

బయటి గొట్టం చివర గడ్డకడితే పంపు ఒత్తిడి పెరిగి కాలిపోయే ప్రమాదం ఉంది. అందుకని గోడ దాటగానే నీరు పక్కకు చిమ్మేందుకు సందులున్న జోడింపు పెట్టించండి. సన్నటి తోట గొట్టాన్ని చలికాలంలో తగిలించి ఉంచకండి. చలి మరీ తీవ్రమైన కొన్ని ఊళ్ళు శీతాకాలంలో మాత్రం మురుగు లైనులోకి వదలడానికి లిఖిత అనుమతి ఇస్తాయి. అది గడువు ఉన్న అనుమతి, వసంతం రాగానే తిరిగి బయటికి మార్చాలి. మిన్నెసోటాలోని గోల్డెన్ వ్యాలీ వంటి ఊళ్ళలో ఇల్లు అమ్మేటప్పుడు పంపు నీరు మురుగు లైనులోకి పోతోందా అనే తనిఖీ తప్పనిసరి. కాబట్టి అమ్మే ఆలోచన ఉన్నవారు ఇప్పుడే సరిచేయించుకోవడం మేలు.

పెద్ద వానల్లో కరెంటు పోవడం మామూలే, సరిగ్గా అప్పుడే పంపు అవసరం. బ్యాటరీతో నడిచే రెండో పంపు పెట్టించడం నా దృష్టిలో విలాసం కాదు. నీరు ఇప్పటికే నిలిచి ఉంటే, కరెంటు ఆపించనిదే ఆ నీళ్ళలో కాలు పెట్టకండి.

చివరగా బీమా. మామూలు ఇంటి బీమాలో మురుగు ఎగదన్నడం వల్ల కలిగే నష్టం సాధారణంగా ఉండదు, దానికి విడిగా అదనపు రక్షణ తీసుకోవాలి. సంప్ పంపు ఆగిపోతే వచ్చే నష్టం కూడా అందులో ఉందా అని ఏజెంటును సూటిగా అడగండి. వరద బీమా మళ్ళీ వేరు. ప్రభుత్వ వరద బీమా మామూలుగా తీసుకున్న 30 రోజుల తరువాతే అమల్లోకి వస్తుంది, కాబట్టి మార్చి నెలాఖరుకు రక్షణ కావాలంటే ఫిబ్రవరిలోనే డబ్బు కట్టాలి.