పేషెంట్లతో టచ్‌లో ఉండటం – 3వ పాఠం: రానివాళ్ళకి ఫోన్ ఎలా చెయ్యాలి

పోయిన పాఠంలో ఓపీ పుస్తకంలో ఫోన్ నెంబరు రాసేటప్పుడు ఆ ఫోను ఎవరి చేతిలో ఉంటుందో కూడా పక్కనే రాయమన్నాను కదా, మామ్మగారిదా, కోడలిదా, పక్కింటివాళ్ళదా అని. అది మొదలెట్టినవాళ్ళకే ఈ పాఠం పనికొస్తుంది, మిగతావాళ్ళు ముందు ఆ పని కానివ్వండి.

మన భీమవరం, అమలాపురం, పాలకొల్లు వైపు చిన్న క్లినిక్ పెట్టుకున్న డాక్టర్లు ఎక్కువమంది అనుకునేదేంటంటే, పేషెంటు రావట్లేదంటే టౌన్లో కొత్తగా పెట్టిన పెద్దాసుపత్రికి వెళ్ళిపోయాడని. చాలామంది ఎక్కడికీ వెళ్ళరండి. మనం ఎప్పుడో రాసిచ్చిన చీటీనే మడతలు చిరిగిపోయేదాకా జేబులో పెట్టుకుని ఊళ్ళో మెడికల్ షాపులో చూపించి అవే బిళ్ళలు తెచ్చుకుంటూ ఉంటారు, లేకపోతే షుగరు ఒకసారి బాగా వచ్చింది కదా అని మొత్తం ఆపేస్తారు. అంటే మనకి పోటీ మన పాత చీటీయే. ఆయనకి మన మీద కోపం లేదు, రమ్మని అడిగినవాళ్ళు లేరు, అంతే.

దీనికి సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, తారీఖులు వేసున్న డైరీ ఒకటి చాలు. పేషెంటు డాక్టరుగారి రూములోంచి బయటికి రాగానే మళ్ళీ ఎప్పుడు రావాలో ఆ పేజీలో పేరు రాసెయ్యాలి. తారీఖు డాక్టరుగారే చెప్పాలి, కౌంటర్లో అమ్మాయి ఊహించి రాయకూడదు, ప్రతి తారీఖుకీ ఒక కారణం ఉండాలి. హెచ్‌బీఏ1సీ అనే రక్తపరీక్ష సుమారు 3 నెలల షుగర్ సగటు చెప్తుంది కాబట్టి షుగరు వాళ్ళకి 3 నెలలకి రాస్తాం, థైరాయిడ్ డోసు మారిస్తే 6 నుంచి 8 వారాల్లో మళ్ళీ టెస్టు, చంటిపిల్లల టీకాలు 6, 10, 14 వారాలు, తర్వాత 9 నెలలు. ఎందుకు రావాలో ఒక్క ముక్కలో చెప్పలేకపోతే ఆ ఫోన్ చెయ్యకండి. ఊరికే రమ్మని పిలవడం, ఫీజు తగ్గించాం రండి అని మెసేజీలు పెట్టడం మర్యాదా కాదు, రూలూ ఒప్పుకోదు, 2002 మెడికల్ కౌన్సిల్ రెగ్యులేషన్లలోనే డాక్టరు పేషెంట్ల కోసం అలా వల వెయ్యకూడదని ఉంది.

ఇక ఫోన్ ఎప్పుడు చెయ్యాలి అంటే, మన డెల్టాలో అది వాచీ చూసి చేసేది కాదు, మనిషి పనిని బట్టి. రొయ్యల చెరువుల వాళ్ళు తెల్లారుజామున చెరువులో ఆక్సిజన్ పడిపోతుందని గట్టు మీదే ఉంటారు, పొద్దెక్కాక పడుకుంటారు, పదింటికి చేస్తే విసుక్కుంటారు, సాయంత్రం చెయ్యండి. సార్వా (వానాకాలం వరి) నాట్లప్పుడు కూలి మానుకుని రమ్మంటే ఎవరూ రారు. సంక్రాంతి మూడు రోజులూ డైరీ మూసెయ్యండి, ముక్కనుమ అయ్యాక చేస్తే అరిసెలూ కోడికూరా తిన్న షుగరు వాళ్ళు తమంతట తామే వస్తామంటారు. లంక గ్రామాల వాళ్ళకి మాత్రం గోదారికి వరద రాకముందే, జూన్లోనే చెయ్యాలి, నీళ్ళొచ్చి పడవలు ఆగిపోతే బిళ్ళలు దొరకవు కాబట్టి డాక్టరుగారిని అడిగి కొన్ని రోజులకి సరిపడా మందులు ఎక్కువ రాయించిపెట్టాలి.

ఇప్పుడు మాట చూడండి.

"నమస్కారమండి, డాక్టరుగారి క్లినిక్ నుంచండి. మామ్మగారున్నారా అండి?"

"నేనేనమ్మా, చెప్పు."

"పోయినసారి కాళ్ళు తిమ్మిర్లన్నారు కదండీ, ఎలా ఉందండి ఇప్పుడు?"

"ఆయ్, అలాగే ఉందమ్మా, రాత్రుళ్ళు ఒకటే మంటలు."

"మందులేసుకుంటున్నారా అండి?"

"తెల్లబిళ్ళ అయిపోయిందమ్మా, పసుప్పచ్చదే ఏసుకుంటన్నాను."

ఇక్కడ ఆగాలి. అది వేసుకోండి, ఇది మానెయ్యండి అని కౌంటర్లో అమ్మాయి ఒక్క ముక్క కూడా అనకూడదు. "డాక్టరుగారికి చెప్తానండి, మీకు మూడు నెలల రక్తపరీక్ష కూడా ఈ వారమే పడిందండి, గురువారం పొద్దున్న వస్తారా, శుక్రవారం సాయంత్రమా?" అని రెండు పూటలు చూపించాలి, ఎప్పుడొస్తారు అని అడిగితే చూద్దాంలే అంటారు. ఆ పరీక్షకి పరగడుపున రానక్కర్లేదు, డాక్టరుగారు వేరే టెస్టు కూడా రాస్తే తప్ప, ఆ మాట కూడా చెప్పండి, ఏమీ తినకుండా బస్సెక్కాలనే భయంతోనే సగం మంది వాయిదా వేస్తారని నా అనుమానం. ఫోన్ పెట్టేశాక ఫైల్లో "తెల్లబిళ్ళ అయిపోయింది, రాత్రి మంటలు" అని రాసెయ్యాలి. మామ్మగారు లోపలికెళ్ళగానే డాక్టరుగారే "తెల్లబిళ్ళ ఎన్నాళ్ళయిందండి అయిపోయి?" అని అడిగారనుకోండి, ఇంక ఆవిడ వేరే గుమ్మం తొక్కదు.

ఫోన్ ఇంకెవరైనా ఎత్తితే జబ్బు పేరు, టెస్టు పేరు ఎత్తకూడదు, "క్లినిక్ నుంచి చేశామని చెప్పండి" అని పెట్టెయ్యడమే. కొడుకు కువైట్లోనో దుబాయ్‌లోనో ఉండి రిపోర్టు వాట్సాప్ చెయ్యమంటే, డబ్బులు పంపేది ఆయనే అయినా సరే, ముందు తల్లిని అడిగి సరేనన్నట్టు ఫైల్లో సంతకం పెట్టించుకోండి. 

రెండుసార్లు చేసినా రాకపోతే వదిలెయ్యండి, మూడోది వేధింపు కింద లెక్క. ఒక్కోసారి "ఆయన పోయారండి" అంటారు. అప్పుడు కంగారుపడి పెట్టెయ్యకుండా రెండు మాటలు మాట్లాడి, వెంటనే డైరీలోనూ ఫైల్లోనూ ఆ పేరు కొట్టెయ్యాలి, వచ్చే నెల ఇంకో అమ్మాయి డ్యూటీలో ఉండి అదే ఇంటికి "బాబుగారు బాగున్నారా" అని చేస్తే ఆ ఊళ్ళో మన పేరు ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ఈ వారం మీ పని: పోయిన నెల డైరీ పేజీలు తిప్పి రావాల్సి ఉండి రానివాళ్ళు ఐదుగురిని తియ్యండి, ఫోన్ చెయ్యండి, ఎందుకు రాలేదో వాళ్ళన్న మాటే వాళ్ళన్నట్టు ఒక లైను రాయండి. డైరీ లేకపోతే ఓపీ పుస్తకంలోంచి షుగరు వాళ్ళని తియ్యండి. వచ్చే పాఠం వాట్సాప్ మీద, ఈలోగా క్లినిక్ నెంబరు పేషెంట్ల ఫోన్లలో సేవ్ చేయించడం మొదలెట్టండి, సేవ్ చేసుకోనివాళ్ళకి బ్రాడ్‌కాస్ట్ లిస్టులో (అంటే ఒకేసారి చాలామందికి పంపేదానిలో) పెట్టిన మెసేజు వెళ్ళదు.